పదిహేడో నంబరు ట్యూబు

శుక్రవారం సాయంత్రం యూనివర్సిటీ ల్యాబులో కంప్యూటరు ముందు కదలకుండా కూర్చున్న అలేఖ్య దగ్గర కిందటి వారం ఆగాం. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగేళ్ళుగా అలేఖ్య పని డెంగీ వచ్చినవాళ్ళ రక్తం చదవడం. జ్వరం వచ్చిన మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు, అంతా తగ్గాక ఇరవై ఎనిమిదో రోజు. నలభై నలుగురు మనుషులు, మనిషికి నాలుగేసి ట్యూబులు. రక్తంలోని ప్రతి తెల్లకణం దగ్గరా జన్యువుల పుస్తకం మొత్తం ఉంటుంది. కానీ ఏ కణమూ ఏ రోజూ దాన్ని మొత్తం చదవదు. ఆ రోజు అవసరమైన పేజీలే తెరుస్తుంది. వైరస్ చొరబడితే ఏ పేజీలు తెరుచుకుంటాయి, కోలుకున్నాక ఏవి మూసుకుంటాయి అన్నది కనిపెడితే, మంచాన పడ్డ మొదట్లోనే ఎవరికి ప్రమాదమో చెప్పవచ్చునని ఆమె ఆశ.

పదిహేడో నంబరు మనిషి రక్తం మాత్రం పద్ధతి తప్పింది. ఇరవై ఎనిమిదో రోజున, జ్వరం ఎప్పుడో తగ్గిన మనిషి రక్తంలో, వైరస్ వచ్చిందని చాటింపు వేసే పేజీలన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఆమె గైడు ప్రొఫెసర్ శశిభూషణ్‌కు అది దొరికిన నిధి అయింది. తగ్గినట్టు కనిపిస్తూ లోపల ఇంకా పోరాడుతున్న మనిషి అని పేరు పెట్టి, దాని మీదే సోమవారం పెద్ద సభలో ఉపన్యాసం ఇవ్వబోతున్నారు. అలేఖ్య శుక్రవారం సాయంత్రం చూసింది ఇంకొకటి. పదిహేడో నంబరు మగవాడు. అతని మొదటి మూడు ట్యూబులూ మగ రక్తమే. నాలుగోది ఆడమనిషిది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె ల్యాబుకు వచ్చేసరికి తలుపుకు తాళం. తాళంచెవి అటెండరు లచ్చయ్య దగ్గర, లచ్చయ్య చాయ్ దగ్గర. అతను వచ్చేదాకా మెట్ల మీద నిలబడి ఆమె మూడుసార్లు ఫోను తీసి మూడుసార్లూ లోపల పెట్టింది. ఎవరికి చెయ్యాలి, ఏమని చెప్పాలి? లచ్చయ్య వచ్చి తలుపు తీస్తూ, "శనివారం గూడ ఏం పని మేడం," అన్నాడు. ఆమె అతణ్ణి దాటుకుని లోపలికి వెళ్ళింది.

తొమ్మిదిన్నరకు భాగ్య వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకువచ్చేది భాగ్యే. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా అదే పని. సూది దిగినట్టు కూడా తెలియకుండా తీస్తుందని పేరు. మిగిలిన రక్తం దాచే ఫ్రీజరు పక్కన బల్ల మీద టిఫిను డబ్బా పెట్టి, చున్నీతో మెడ తుడుచుకుంది.

"భాగ్యక్కా, పదిహేడో నంబరు ఎవరు?"

"పేర్లు చెప్పొద్దని మీరే అంటిరి గద మేడం. నంబర్లే ఉండాలె అంటిరి."

"ఇప్పుడు నేనే అడుగుతున్నాను."

"రేపు సార్ పిలిచి ఎందుకు చెప్పినవ్ అంటె?"

"పోనీ, పేరు వద్దు. ఇరవై ఎనిమిదో రోజు ఆ రక్తం తీసింది మీరేనా?"

"నేనే. ఇంకెవరు తిరుగుతరు గా ఎండల?"

"అక్టోబరులో ఎండేమిటి?"

"అక్టోబర్ల గూడ ఎండనే ఉంటది మేడం. ఏసీల కూసుంటే తెల్వది."

అలేఖ్య కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎవరి చేతికి సూది వేశారు?"

"పదిహేడో నంబర్ చేతికే."

"పదిహేడో నంబరు మగవాడు. ట్యూబులో ఉన్నది ఆడమనిషి రక్తం."

భాగ్య డబ్బా మూత సరిగానే ఉన్నా దాన్ని మళ్ళీ నొక్కింది. "రక్తంల ఆడ మగ ఉంటదా?"

"ఉంటుంది. ఆడవాళ్ళ కణాల్లో మాత్రమే గట్టిగా పలికే జన్యువు ఒకటుంది. మగవాళ్ళలో దాని నోరు పెగలదు. మగవాళ్ళలో మాత్రమే పలికేవి వేరే ఉన్నాయి. ఆ ట్యూబులో అవి ఒక్కటీ లేవు."

"నేను ఇన్నేండ్ల నుంచి రిపోర్టులు చూస్తున్న. గ్రూపు వస్తది, షుగర్ వస్తది, ప్లేట్‌లెట్లు వస్తయి. ఆడ మగ ఎన్నడు రాలె."

"ఇది ఆ రిపోర్టు కాదక్కా."

"అయితే పంపిన కాడ కలిపిన్రేమో. మిషన్ల కాడ ఎవడో ఒకడు అటుది ఇటు పెడ్తడు. ఎప్పుడైనా సూది పట్టినోళ్ళ మీదికే వస్తది."

ఆ మాట అలేఖ్య రాత్రంతా అనుకున్నదే. ట్యూబులు పంపిన చోట తారుమారయితే, పదిహేడో నంబరు మగ రక్తం ఇంకో ఆడమనిషి ట్యూబులో తేలాలి. మిగతా నూట డెబ్బై ఐదు ట్యూబుల లెక్కలూ ఇంట్లో కూర్చుని తెల్లారేలోగా చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నాయంటే, మగవాళ్ళవి మగవాళ్ళ రక్తం, ఆడవాళ్ళవి ఆడవాళ్ళ రక్తం, అంతవరకే. మగవాడి బదులు ఇంకో మగవాడి చేతికి సూది వేసి ఉంటే ఈ లెక్కకు దొరకదు. దాన్ని పట్టుకునే పద్ధతి వేరే ఉంది గాని, ల్యాబులోని ముసలి కంప్యూటరు మీద అది తేలడానికి వారం పడుతుంది. ఉపన్యాసం సోమవారం.

ఆమె నాలుగేళ్ళూ ఇప్పుడు భాగ్య నోట్లో ఉన్నాయి. ఒక్క ట్యూబు తప్పయితే ఒక్క ట్యూబు తీసి పక్కన పెట్టవచ్చు. భాగ్య ఇలాగే పదిమంది దగ్గర చేసి ఉంటే, పరిశోధన అంతా కాలువలో పోసినట్టే.

"భాగ్య గారూ," అంది అలేఖ్య. అక్క పోయి గారు వచ్చేసరికి భాగ్య తలెత్తింది. "నేను మీ మీద ఎవరికీ ఫిర్యాదు చెయ్యను. కానీ నాకు నిజం కావాలి. ఈ రోజే కావాలి."

భాగ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంచెం సేపు గోడ మీది క్యాలెండరు వంక చూసింది.

"మూడు మాట్ల పోయిన మేడం. ఇరవై ఆరో రోజు పోయిన, లేడు. ఇరవై ఏడు నాడు పోయిన, లేడు. ఇరవై ఎనిమిది అంటే ఇరవై ఎనిమిదే, ఒక్కరోజు అటు ఇటు అయితే ట్యూబు పారేస్తం అన్నది ఎవరు? మీరే. ఆ నాడు పోతే గూడ లేడు. వాళ్ళక్క ఉన్నది. ఆమెనే చెయ్యి సాపింది, తీసుకొమ్మన్నది."

"చాపితే తీసేస్తారా?"

"ఊకనే తియ్యలె. కార్డు చూసిన. ఇద్దరిది ఓ పాజిటివే. ఒక్క తల్లి పిల్లలు, ఒక్కటే గ్రూపు. దవాఖానల రక్తం ఎక్కియ్యాలంటే గదే చూస్తరు గద మేడం? పానం పోయేటప్పుడు పనికొచ్చింది పరీక్షకు పనికి రాదా?"

అలేఖ్యకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ట్యూబు మీది చీటీ ఒక్క అక్షరం చెదరకుండా అతికించే మనిషి, గ్రూపు కలిసింది కాబట్టి మనిషి కూడా కలిసినట్టే అనుకుంది. తప్పు ఎవరిదని ఆలోచిస్తే తనవైపే వేలు తిరుగుతోంది. రక్తం ఎందుకు తీస్తున్నామో, అందులో ఏం వెతుకుతున్నామో నాలుగేళ్ళలో ఒక్కసారైనా భాగ్యను కూర్చోబెట్టి చెప్పలేదు. తేదీలు మాత్రం గట్టిగా చెప్పింది.

"ఇలాంటివి ఇంకెన్ని?"

"ఒక్కటే."

"నిజంగా?"

"ఒక్కటే అంటున్న గద మేడం. మిగితావాళ్ళు అందరు ఉండిరి. ఈయన ఒక్కడే లేకపాయె."

ఆ మాట నమ్మాలని ఉంది. నమ్మాలని ఉంది కాబట్టే ఆమెకు భయం వేసింది. "పదండి," అంది బ్యాగు తీసుకుని. "వాళ్ళక్క దగ్గరికి."

"ఇప్పుడా? టిఫిన్ అన్న చెయ్యనియ్యరా?"

"ఆటోలో చేద్దురు గాని."

క్యాంపసు గేటు దగ్గర ఆటో ఎక్కేలోపే ప్రొఫెసర్ ఫోను వచ్చింది. సోమవారం బొమ్మల్లో బాణం గుర్తు నల్లగా ఉందట, ఎర్రగా కావాలట. "చేస్తాను సార్," అని పెట్టేసింది. తార్నాక చౌరస్తా చేరకముందే మళ్ళీ ఫోను. ఎరుపు కంటికి గుచ్చుకుంటుందేమో, నారింజ అయితే ఎలా ఉంటుంది? "అది కూడా చేస్తాను సార్." ఎదురుగా రోడ్డుకు అవతల వాళ్ళు వెళ్ళాల్సిన సందు కనిపిస్తూనే ఉంది. దాన్ని చేరడానికి ఆటో మెట్రో స్తంభాల వెంబడి బోలెడంత దూరం పోయి, యూటర్ను తిరిగి, బస్సు వెనక ఇరుక్కుని, మళ్ళీ అక్కడికే రావాలి. నడిచి ఉంటే పది నిమిషాల కిందటే చేరేవాళ్ళు. భాగ్య ప్రశాంతంగా ఇడ్లీ తింటోంది.

"చట్నీ తింటరా మేడం?"

"వద్దు."

"కోపం మీద తినకుంటే పిత్తం చేస్తది."

సందు చివర దర్జీ దుకాణం. దాని పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో కూర్చుని నలభై ఎనిమిదేళ్ళ మనిషి చింతపండులో గింజలు తీస్తోంది. పేరు చిట్టెమ్మ. జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చింది. భర్త పోయాక తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి తెచ్చుకుని పెంచింది. ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట మనిషి. తమ్ముడు పరుశురాం. పదిహేడో నంబరు.

భాగ్యను చూడగానే ఆమె చేతులు కడుక్కుని లేచింది. అలేఖ్యను చూసి ఆగింది.

"ఈమె మా మేడం అక్కా. యూనివర్సిటీల పెద్ద చదువు చదువుతున్నది."

"కూసోండ్రి. నీళ్ళు తాగుతరా?"

అలేఖ్య కూర్చుని, దారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి సూటిగా అడిగేసింది. "అక్కా, కిందటి అక్టోబరులో మీ తమ్ముడి పేరు మీద ఆఖరుసారి రక్తం ఇచ్చింది ఎవరు?"

"మా తమ్ముడే ఇచ్చిండు. నాకెందుకు తెల్వది? గీడనే కూసున్నడు."

"అక్కా, నేను చెప్పేసిన," అంది భాగ్య మెల్లగా.

చిట్టెమ్మ ఆమె వంక తిరిగింది. "ఎందుకు చెప్పినవే?"

"నేను చెప్పకముందే ఆమెకు తెలిసింది. రక్తంల ఆడ మగ తెలుస్తదట."

"తెలుస్తదా?"

"తెలుస్తుంది," అంది అలేఖ్య.

"తెలుస్తె తెలిసింది తియ్యి. ఇప్పుడేం చేస్తరు, కేసు పెడ్తరా? నా రక్తమే ఇచ్చిన గద. ఎవ్వలిది దొంగతనం చెయ్యలె."

"కేసు కాదక్కా. ఆ రక్తం మీ తమ్ముడిదనుకుని ఎల్లుండి వందమంది ముందు చెప్పబోతున్నారు. అబద్ధం చెప్పినట్టవుతుంది. నా చదువంతా దాని మీద ఉంది."

"నాకు అబద్ధం అనిపియ్యలె. ఆయన పేరు నిలవెట్టిన అనుకున్న."

గది మూలన బల్ల ఉంది. దాని మీద పోటీ పరీక్షల పుస్తకాలు వరస తప్పకుండా పేర్చి ఉన్నాయి. పైనున్న పుస్తకం మీద దుమ్ము లేదు, తుడుస్తున్నారు. ఎవరూ తెరవని పుస్తకానికే అంత శుభ్రం ఉంటుంది.

"ఆయన ఎక్కడున్నారు?" అంది అలేఖ్య.

చిట్టెమ్మ మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక చేతులు ఆగలేదు.

"ఆరేండ్లు చదివిండు. పొద్దున ఆరింటికి పోయి యూనివర్సిటీ లైబ్రరీల కూసునేది, నేను మెస్సు నుంచి వచ్చేదాంక రాకపోయేది. కిందటేడు నోటిఫికేషన్ పడ్డది. ఈసారి కొడ్తనే అన్నడు. పరీక్ష నాలుగు రోజులున్నదనంగ జరం వచ్చింది. గీ తార్నాకలనే దవాఖానల పండవెట్టినం. ఈమె వచ్చి ఐదో నాడు రక్తం తీసింది సూడు, ఆ నాడే పరీక్ష."

భాగ్య తలవంచుకుంది. "నాకు తెల్వది అక్కా, ఆ నాడు."

"నీకెందుకు తెలుస్తది? చేతికి సూది ఉండంగనే లేసిండు, పోత అన్నడు. ప్లేట్‌లెట్లు పదెనిమిది వేలని డాక్టర్ మొత్తుకుంటుండు. హాల్ టికెట్ ఏది అన్నడు. నేను దాచిపెట్టిన."

గింజ ఒకటి కింద పడి దొర్లింది. ఆమె దాన్ని వెతికి పట్టుకుంది.

"ఇంటికి వచ్చినంక నన్నొక్క మాట అనలె. అంటె మంచిగుండు. ఇరవై ఒకటో నాడు దుప్పటి మడతవెట్టి, కాచిగూడల దోస్తు రూముకు పోతున్న అక్కా, పప్పు ఎక్కువ చెయ్యకు అన్నడు. గంతే. ఆ దోస్తును అడిగితే రానే రాలె అన్నడు. ఫోన్ బంద్. ఎనిమిది నెలలాయె."

పోయేవాళ్ళ ఆఖరి మాట ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. పప్పు గురించో, గొళ్ళెం గురించో. తరవాత దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా అందులో ఏమీ దొరకదు.

"పోలీసులకు చెప్పారా?"

"చెప్పిన. మైనర్ గాదు, అలిగి పోయిండు, వస్తడు అన్నరు. లైబ్రరీకి పోయి సూసిన. ఆయన కుర్చీల వారానికే ఇంకొక పిలగాడు కూసున్నడు. పరీక్ష లిస్టుల ఎట్లాగు లేడు. అప్పుడు ఈమె వచ్చి, ఇయ్యాల మనిషి లేకపోతే పేరు కొట్టేస్తం అన్నది."

"నేను గట్ల అనలె అక్కా," అంది భాగ్య.

"అన్నవ్. పెన్ను తీసినవ్ గూడ. పేరు కొట్టేసుడేంది? మనిషి ఏడనో ఒక కాడ ఉన్నడు. మీ లిస్టు ఒక్కదాంట్ల ఉన్నడు ఇగ. అందుకే చెయ్యి సాపిన."

పొద్దుటినుంచి ఎవరి మీద కోప్పడాలా అని తిరిగిన అలేఖ్యకు ఇక్కడికి వచ్చాక ఎవరూ దొరకలేదు. కానీ అడగవలసింది ఇంకొకటి మిగిలే ఉంది.

"అక్కా, ఆ రోజు మీకు జ్వరం ఉందా?"

"లేదు."

"గుర్తు తెచ్చుకోండి. రక్తం ఉందంటోంది."

"నీ రక్తమేంది బిడ్డా, అన్ని చెప్తది? నేను ఆ నాడు మూడువందల మందికి పులిహోర కలిపిన. జరం ఉన్నదాన్ని కలుపుతనా?"

"తర్వాత?"

చిట్టెమ్మ ఇంకో గింజ తీసింది.

"తర్వాత వచ్చిందా?"

"తెల్లారి వచ్చింది," అంది చివరికి, ఓడిపోయినట్టు. "బొక్కలన్ని విరగ్గొట్టినట్టు. ఐదు రోజులు గీడనే పన్న. తలుపు వెట్టుకోలె."

"ఆసుపత్రికి వెళ్ళలేదా? మీ తమ్ముడికి అంత అయిందని చూసి కూడా?"

"పనికి పోతే పొద్దుమీకి వస్త. దవాఖానల పండవెడితే ఎన్ని రోజులో. ఆ నడుమ ఆయన వస్తే? తాళం సూసి మర్లిపోతే?"

ఆ ట్యూబు తప్పు చెప్పలేదు. జ్వరం ఒంటికి తెలియకముందే, పులిహోర కలుపుతున్న మనిషి రక్తంలో చాటింపు మొదలైంది. నలభై నలుగురిలో ఒక్కరి దగ్గరా జ్వరానికి ముందు తీసిన రక్తం లేదు, ఉండే వీలూ లేదు. ఉన్నది ఈ ఒక్కటే, అదీ ఇంకొకరి పేరు మీద, అడగకుండా, అనుమతి కాగితం లేకుండా. వాడుకోవడానికి వీల్లేదు.

"ఆ పేరు కొట్టేస్తవా బిడ్డా?" అంది చిట్టెమ్మ.

"కొట్టెయ్యనక్కా. ఏడో రోజు దాకా ఆయన ఉన్నారు, అవి అలాగే ఉంటాయి. ఇరవై ఎనిమిదో రోజు దగ్గర మాత్రం రాలేదు అని రాయాలి."

"రాలేదు అని."

"అదే నిజం కదా."

"నిజమే. నాకు తెల్వదా?" చింతపండు ముద్దను డబ్బాలో కుక్కి మూత పెట్టింది. "ఎవ్వలు గట్ల రాయలె ఇంతవరకు. పోయిండు అంటరు, పారిపోయిండు అంటరు. రాలేదు అంటె ఇంక రావచ్చు. రాయి."

అలేఖ్య ఊపిరి పీల్చుకుంది. ఒక్క ట్యూబే. తీసి పక్కన పెట్టవచ్చు. ఉపన్యాసం పోతుంది, ఒక అధ్యాయం పోతుంది, నాలుగేళ్ళు మిగులుతాయి. అప్పుడే ప్రొఫెసర్ ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నీలం రంగు అంటారు కాబోలు అనుకుంటూ ఎత్తింది. గదిలో సిగ్నలు సరిగ్గా లేక మాట తెగిపోతుంటే స్పీకరు నొక్కింది.

"సార్, బొమ్మల సంగతి కాదు. పదిహేడో నంబరు నాలుగో ట్యూబు ఆ మనిషిది కాదు. వాళ్ళక్కది. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆమె ఒప్పుకున్నారు."

"ఆడవాళ్ళ జన్యువు చూశావా?" అన్నారు శశిభూషణ్.

"చూశాను సార్."

"నేను ఏప్రిల్లోనే చూశాను."

అలేఖ్య గోడకు ఆనుకుంది. "చూసి, నాకు చెప్పలేదా?"

"చెబితే ఏం చేస్తావు? ఇదిగో, ఇలా ఇళ్ళ వెంట తిరుగుతావు. ఒక్క నమూనా అమ్మా. మిగతా నూట డెబ్బై ఐదూ బంగారం. ఆ ఒక్కటీ ఉంటేనే జనం తలెత్తి వింటారు. దాన్ని కొట్టెయ్యకు."

చిట్టెమ్మ ఫోను వంక చూసింది. ఇందాక తాను అడిగిన మాటే ఫోనులోంచి ఎవరో పెద్దమనిషి గొంతుతో వినిపించింది.

"సార్, అది తప్పుడు పేరు. సోమవారం మీరు ఆ మాట చెబితే..."

"సోమవారం ఎక్కడిది? పేపరు మే నెలలోనే పంపించాను. నిన్న సాయంత్రం జర్నల్ వాళ్ళు ఒప్పుకున్నారు. నీకు సోమవారం సభలో చెబుదామనుకున్నాను. మొదటి పేరు నీదే. సంతోషించాలి నువ్వు."

"నాకు తెలియకుండా ఎలా పంపిస్తారు? రచయితలందరూ నమూనాలు సరిచూశామని సంతకం పెట్టాలి కదా. నేను పెట్టలేదు."

"నీ బదులు నేను పెట్టాను. ఒక్క ల్యాబు వాళ్ళం, ఎవరు పెడితే ఏమిటి?"

భాగ్య ఆ మాటకు తలెత్తి అలేఖ్యను చూసింది. మళ్ళీ చప్పున దించేసుకుంది.

అలేఖ్య గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సార్, నేను జర్నల్ వాళ్ళకు రాస్తున్నాను. ఈ రోజే."

"ఏమని రాస్తావు? నీ పేరుతో వచ్చిన పేపరు అబద్ధమనా? నీ కంప్యూటరులో లెక్క తప్పిందంటాను. ఎవరి మాట వింటారు?"

"నా మాట వినక్కర్లేదు. ఆ ట్యూబులో రక్తం ఇంకా మిగిలి ఉంది. చిట్టెమ్మ గారు ఒప్పుకుంటే ఆమె రక్తం ఇప్పుడు తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను."

"ఒప్పుకున్న," అంది చిట్టెమ్మ, జాకెట్టు చెయ్యి పైకి లాగుతూ.

"ఏ ట్యూబు అమ్మా?" అన్నారు శశిభూషణ్, ఎంతో నెమ్మదిగా.

ఆ మాట వెనక, ఫోనులోంచి, సన్నగా ఒక మోత మొదలైంది. ఆగి ఆగి, పిట్ట కూసినట్టు. ఒకటి, రెండు, మూడు. అలేఖ్యకు మొదట అర్థం కాలేదు. తలుపు నిమిషం పైన తెరిచి ఉంచితేనే అది అలా కూస్తుంది.

"మేడం," అంది భాగ్య లేచి నిలబడి, "అది మన ఫ్రీజర్."